నొప్పుల సూది: ఎప్పుడు చుక్కలుగా, ఎప్పుడు తొడకి

పోయిన నెల కనకమ్మ సత్రం బస్టాపులో తిరుత్తణి బస్సు కోసం నిలబడి ఉంటే, మా వీధిలో చెల్లెలి వరసయ్యే ఆమె వచ్చి పక్కన చేరింది. కోడలికి నెలలు నిండాయి. తొలిచూలు. "అక్కా, డాక్టరమ్మ ఇంకా పది రోజులుందంటోంది. నొప్పుల సూది వేయించేస్తే ఒక్క రోజులో అయిపోతుంది కదా? అబ్బోడికి వచ్చే వారం నుంచి నైట్ షిఫ్టు. ఇప్పుడైతే పక్కనుంటాడు" అంది.

ఆమె అడిగినదాంట్లో తప్పు పట్టేదేం లేదు. మిల్లు జీతం మీద బతికే ఇంట్లో కాన్పంటే ముందు లీవు లెక్క, తర్వాత కూలి లెక్క, ఆ తర్వాతే ఏదైనా. నేనూ మిల్లు కార్మికుడి కూతుర్నే. 31 ఏళ్లు కాన్పు వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. "సూది వేసి పంపించేయండమ్మా" అనే మాట ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. బస్సు వచ్చేలోపు చెప్పగలిగినంత ఆమెకు చెప్పాను. మిగతాది మీ అందరికీ ఇక్కడ చెబుతున్నా.

ఆ మందు పేరు ఆక్సిటోసిన్. మన ఇళ్లలో నొప్పుల సూది అంటాం, ఆసుపత్రిలో తమిళంలో 'వలి ఊసి' అంటారు. ఇది బయటినుంచి వచ్చిన వింత మందేం కాదు. ప్రతి ఆడదాని తలలో, మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటుంటుంది, అది వదిలే రసమే. కాన్పు వేళ గర్భసంచి ముడుచుకునేలా చేసేదీ, బిడ్డ చప్పరించినప్పుడు రొమ్ములోకి పాలు దిగేలా చేసేదీ అదే. దాన్నే కంపెనీలో తయారుచేసి గాజు సీసాలో పోస్తే సూది మందయింది.

పశువులున్న ఇళ్లకు ఈ మందు ముందే తెలుసు. దూడ చచ్చిన బర్రె చేపకపోతే పొడిచే సూది ఇదే. అలా పొడవడం తప్పని 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టంలోనే ఉంది, అయినా ఆగలేదు. ఈ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు మన దేశంలో అమ్మడానికి ఈ మందు చేయకూడదని, కర్ణాటకలో ఉన్న ఒక్క ప్రభుత్వ కంపెనీయే చేయాలని ఉత్తర్వు వేసింది. తల్లుల ప్రాణాలు కాపాడే మందు ఒక్కచోటే తయారైతే కరువొస్తే ఏం గతి అని కొందరు కోర్టుకెళ్లారు. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొట్టంలో బర్రెకు పొడిచే సూది రోజూ చూసినవాళ్లకి ఈ మందంటే భయం ఉండదు. బర్రెకేం కాలేదు, మనిషికేమవుతుంది అంటారు. నా సర్వీసులో చూసిన ఘోరాల్లో ఒకటి అట్లా భయం లేకపోవడం వల్లనే జరిగింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. రాత్రి పదకొండు దాటాక ఒక ఆటోలో ఒకామెను తెచ్చారు. మూడో కాన్పు. పొద్దుటినుంచి నొప్పులు నెమ్మదిగా ఉన్నాయని ఊళ్లో సూదులు వేసే ఒకాయన్ని పిలిపించారు. డాక్టరు కాదు. సాయంత్రం ఒక సూది తొడకి వేశాడు, గంటకి ఇంకోటి వేశాడు. నొప్పులు ఊపిరి తిరగనివ్వకుండా వచ్చాయట. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాయి. "నొప్పులు తగ్గాయి సిస్టర్, ఇప్పుడు నెమ్మదిగా ఉంది" అంది వాళ్ల అత్త, కాస్త ఊరటగానే. నేను కడుపు మీద చెయ్యి పెట్టాను. బిడ్డ కాళ్లూ చేతులూ చర్మం కిందే తగిలినట్టు తగిలాయి. గుండె చప్పుడు లేదు. నాడి దారప్పోగులా ఉంది. గర్భసంచి చిరిగిపోయి బిడ్డ కడుపులోకి జారిపోయింది. పెద్ద డాక్టరు వచ్చి ఆపరేషను చేసి గర్భసంచి తీసేశారు, ఆమె బతికింది. బిడ్డ అప్పటికే లేదు. ఆ ఇద్దరు చిన్నపిల్లలు వరండాలో గోడకానుకుని నిద్రపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నొప్పులు జోరుగా వచ్చి ఒక్కసారిగా ఆగిపోవడం ఊరట కాదు. ఇంతకు మించి ఈ వ్యాసంలో మీకేదీ గుర్తులేకపోయినా పరవాలేదు.

ఎందుకలా అవుతుందో చెబుతాను. నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి పిడికిలిలా బిగుసుకుంటుంది. ఆ బిగువులో మాయకు రక్తం తెచ్చే నరాలు కూడా నొక్కుకుపోతాయి, ఆ నిమిషం బిడ్డకు ఊపిరి తగ్గుతుంది. నొప్పి వదిలాక రక్తం మళ్లీ పారుతుంది, బిడ్డ తేరుకుంటుంది. నొప్పికీ నొప్పికీ మధ్య ఉండే ఆ ఎడమే బిడ్డ గాలి పీల్చుకునే సమయం. మంచి కాన్పులో పది నిమిషాలకు మూడు నాలుగు నొప్పులొస్తాయి, ఒక్కొక్కటి ముప్పావు నిమిషం ఉంటుంది. మందు ఎక్కువైతే ఆ ఎడం పోతుంది. బిడ్డ లోపలే అల్లాడుతుంది, గర్భసంచి ఓర్చుకోలేక చిరుగుతుంది. ముందు కాన్పులు చాలా అయినవాళ్లకీ, ఆపరేషను కుట్టు ఉన్నవాళ్లకీ ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. స్పిన్నింగులో పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, నూలు బలం చూడకుండా ఫ్రేము వేగం పెంచితే ఏమవుతుందో. అక్కడ తెగిన పోగు అతుక్కుంటుంది.

పైగా ఏ ఆడమనిషి గర్భసంచి ఈ మందుకు ఎంత లొంగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒకరికి చాలని మోతాదు ఇంకొకరికి విషం. అందుకే బిడ్డ పుట్టకముందు ఈ మందును సూదిగా కండలోకి పొడవకూడదు. ఎంత పెద్ద డాక్టరైనా పొడవరు. సెలైన్ సీసాలో కలిపి, నరం ద్వారా, చుక్కలు లెక్కపెట్టి ఎక్కిస్తారు.

ఈ తెలివి ఊరికే రాలేదు. 1906లో ఇంగ్లండులో హెన్రీ డేల్ అనే ఆయన ఈ గ్రంథి రసం పిల్లి గర్భసంచిని బిగించడం చూశాడు. కొద్ది ఏళ్లలోనే డాక్టర్లు కాన్పుల్లో వాడడం మొదలుపెట్టారు. అప్పుడు అది పశువుల గ్రంథుల నుంచి తీసిన రసం, ఎంత ఇవ్వాలో ఎవరికీ సరిగా తెలియదు, సూదిగానే పొడిచేవారు. ఆ రోజుల్లో గర్భసంచులు చిరిగాయి, బిడ్డలు పోయారు. చుక్కల పద్ధతికి దారి చూపినవాళ్లలో ముఖ్యుడు థియోబాల్డ్ అనే డాక్టరు. ఒంట్లో తనంతట తాను ఊరేంత కొద్ది మోతాదే నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తే చాలని 1948లో రాశాడు. ఆయన పనిచేసిన ఊరు బ్రాడ్‌ఫర్డ్, ఉన్ని మిల్లులకు పేరుమోసిన ఊరు. ఆయన దగ్గరికి కాన్పుకొచ్చిన తల్లుల్లో మిల్లు ఇళ్లవాళ్లు ఉండకుండా ఉండరని నాకనిపిస్తుంది. తర్వాత 1953లో అమెరికాలో విన్సెంట్ డు విగ్నో పశువుల గ్రంథితో పని లేకుండా ఈ మందును తయారుచేశాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

చుక్కకీ సూదికీ తేడా ఎంతో ఒక్క లెక్కలో చూపిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో ఉన్న ఒక పద్ధతిలో అర లీటరు సెలైన్‌లో రెండున్నర యూనిట్లు కలిపి నిమిషానికి 10 చుక్కలతో మొదలుపెడతారు. అరగంటకోసారి నొప్పులు చూసి, అవసరమైతే కొద్దిగా పెంచుతారు. ఆ మొదటి వేగంతోనే పోతే 10 యూనిట్లు ఒంట్లోకి వెళ్లడానికి 66 గంటలు పైన పడుతుంది. తొడకి పొడిస్తే అదే 10 యూనిట్లు ఒక్క దెబ్బకి లోపలికెళ్లి, నాలుగైదు నిమిషాల్లో పని మొదలుపెట్టి, గంటదాకా పట్టుకుంటుంది. పొడిచాక వెనక్కి లాగే దారి లేదు.

చుక్కలకైతే ఆపే దారి ఉంది. దానికీ నా అనుభవమే ఉంది, అది నేను ఏమరుపాటుగా ఉన్న రోజు.

ఒక మధ్యాహ్నం వార్డులో ముగ్గురికి చుక్కలు పెట్టాం, నర్సులం ఇద్దరమే. ఒక అమ్మాయికి నిమిషానికి 20 చుక్కలు పెట్టి, పక్క మంచం దగ్గరికెళ్లాను. ఆ అమ్మాయి అత్తకి సీసా ఎంతకీ తరగడం లేదని దిగులు. "ఈ సీసా అయిపోతే గానీ కాన్పు కాదు" అని ఆమె లెక్క. గొట్టం మీద చిన్న చక్రం ఉంటుంది చూశారా, దాన్ని పైకి తిప్పేసింది. ప్రేమతోనే తిప్పింది. అమ్మాయి అరిచిన అరుపు మారింది. అది విని నేను పరిగెత్తుకొచ్చాను. మందు ధారగా పోతోంది. బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 140 ఉండాల్సింది 80కి పడిపోయింది. చక్రం మూసేశాను, అమ్మాయిని ఎడమ పక్కకి తిప్పాను, డాక్టరమ్మని కేకేశాను. ఈ మందు నెత్తుట్లో నిలిచేది నిమిషాలే. అందుకే ఆపితే బిగువు వదులుతుంది. ఏడెనిమిది నిమిషాలకి గుండె చప్పుడు మళ్లీ 130కి వచ్చింది. ఆ ఏడెనిమిది నిమిషాలు ఎలా గడిచాయో అడక్కండి. అత్త మూలన నిలబడి వణికిపోతోంది. ఆమెను తిట్టలేదు నేను. ముందే చెప్పాల్సింది నేను. చుక్కలు పెట్టిన మనిషిని వదిలి అంతసేపు వెళ్లిపోవడం నా తప్పు కూడా.

అప్పటినుంచి చుక్కలు పెట్టిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లకి ఆ చక్రం చూపించి, దీన్ని ముట్టకూడదని చెప్పేదాన్ని. సీసా తరగడానికీ కాన్పుకీ సంబంధం లేదు. సగం సీసాకే బిడ్డ పుట్టిన రోజులున్నాయి.

మన తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలో ఇంటి ఆడమనిషి ఒకరిని తోడుండనిస్తారు. ఆ తోడున్న మనిషి చేయాల్సిన పని నడుము నిమరడమూ నీళ్లివ్వడమే కాదు. చుక్కలు పెట్టారంటే కడుపు మీద, బొడ్డు పైన, మెత్తగా చెయ్యి పెట్టుకుని కూర్చోండి. గోడ గడియారం చూడండి. పది నిమిషాల్లో నొప్పులు ఐదుకి మించినా, ఒక నొప్పి నిమిషం దాటి వదలకపోయినా, నొప్పి తగ్గినా కడుపు మెత్తబడకపోయినా, అమ్మాయికి తలనొప్పి, మగతగా ఉన్నా వెంటనే నర్సుని పిలవండి. విసుక్కుంటారేమో, విసుక్కోనివ్వండి. రద్దీ వార్డులో అరగంటకోసారి బిడ్డ గుండె విని రాసుకోవడమే మాకు కష్టమయ్యేది. రెండో జత కళ్లు ఉంటే మాకూ సాయమే.

ఇంక మన చెల్లెలి ప్రశ్నకి వస్తాను. నొప్పులు వాటంతట అవి రాకముందే మందుతో తెప్పించడం ఎప్పుడు సరి? తల్లికి బీపీ పెరిగి మూర్ఛలొచ్చే భయం ఉన్నప్పుడు. ఉమ్మనీరు పోయి గంటలు గడిచినా నొప్పులు రానప్పుడు. షుగరు ఉండి డాక్టరు ఆగకూడదన్నప్పుడు. 41 వారాలు నిండినా బిడ్డ రానప్పుడు. బిడ్డ లోపల పెరగడం లేదని స్కానులో తేలినప్పుడు. ఇలాంటి చోట చుక్కలు పెట్టకపోవడమే ప్రమాదం, అప్పుడు భయపడి వద్దనకండి. అది కూడా అవసరమైతే వెంటనే ఆపరేషను చేయగల ఆసుపత్రిలోనే పెట్టాలి. షిఫ్టు కోసం, మంచి నక్షత్రం కోసం, అమావాస్య వస్తోందని పెట్టకూడదు. మాయ గర్భసంచి మూతికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా అసలే పెట్టకూడదు. పాత కాన్పు ఆపరేషను అయితే ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లండి, అడగకపోయినా చెప్పండి.

గర్భసంచి మూతి పచ్చిగా, గట్టిగా ఉన్నప్పుడు చుక్కలు పెట్టి లాభం లేదు. ముందు మూతిని మెత్తబరచడానికి జెల్లో, మాత్రో, చిన్న బెలూనో పెడతారు, దానికి గంటలు పడుతుంది. జెల్, మాత్రలు పెట్టిన వెంటనే చుక్కలు కలపకూడదు, ఎడం ఇవ్వాలి. అందుకే "పొద్దున చేర్చితే సాయంత్రానికి" అనే లెక్క తొలిచూలుకి చాలాసార్లు తప్పుతుంది. రెండు రోజులు పట్టొచ్చు. చివరికి ఆపరేషను కూడా అవ్వచ్చు. లీవు మిగుల్చుకోవడానికి చేర్చితే ఉన్న లీవంతా ఆసుపత్రి వరండాలోనే కరిగిపోతుంది.

తేదీల సంగతి ఒకటుంది. మన ఆడవాళ్లలో చాలామంది చివరి ముట్టు తేదీ రాసుకోరు. "ఆడి కృత్తికకి తిరుత్తణి కొండెక్కాను కదక్కా, దానికి ముందు" అంటారు. అలా లెక్కేస్తే రెండు మూడు వారాలు ఇటూ అటూ అవుతుంది. నిండిందనుకుని నొప్పులు తెప్పిస్తే నిండని బిడ్డ పుట్టి ఊపిరికి కష్టపడుతుంది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానులో తేదీ నమ్మదగ్గది. ఆ కాగితం పారేయకండి.

ఇప్పుడు బిడ్డ పుట్టిన తర్వాత మాట. ఇక్కడ మొత్తం తిరగబడుతుంది, జాగ్రత్తగా చదవండి. బిడ్డ బయటికొచ్చిన నిమిషంలోపు, లోపల ఇంకో బిడ్డ లేదని చూసుకుని, ఇదే మందు 10 యూనిట్లు తొడకి వేస్తారు. కావాలనే వేస్తారు, ప్రతి తల్లికీ వేయాలి. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా బిగుసుకోకపోతే మాయ ఊడిన చోటునుంచి రక్తం కుళాయి తిప్పినట్టు పోతుంది. అర లీటరు దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే, గంటా రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. లోకంలో కాన్పులో చనిపోయే తల్లుల్లో ఎక్కువమంది పోయేది ఈ రక్తస్రావంతోనే. ఇంతకుముందు ఏ బిగువు బిడ్డకు ఉరి అయ్యేదో, ఇప్పుడు అదే బిగువు తల్లిని కాపాడుతుంది, ఎందుకంటే లోపల బిడ్డ లేదు.

కానీ మన ఇళ్లలో ఏం చేస్తారు? ముందు ఇవ్వకూడనప్పుడు ఇమ్మని బతిమాలతారు, తర్వాత ఇవ్వాల్సినప్పుడు "కాన్పు అయిపోయింది కదా, ఇంకా సూదెందుకు, పిల్ల నీరసంగా ఉంది" అని అడ్డం పడతారు. ఒక అవ్వయితే నా చెయ్యే పట్టుకుంది. కోపం రాలేదు నాకు. ఆమె కాలంలో మంత్రసాని పొత్తికడుపు పట్టి మర్దన చేసేది, అదీ బిగించడానికే. వేసవిలో మన వైపు ఎండకి ఈ మందు పాడైపోతుంది, అది ఇంకో బెడద. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు. వేడిలో బల్ల మీద ఉండిపోయిన సీసాలో మందు బలం తగ్గుతుంది, రక్తం ఆగాల్సిన చోట ఆగకపోవచ్చు. ఎప్పుడైనా చీటీ రాసిచ్చి బయట కొనుక్కురమ్మంటే, కొట్టువాడు ఫ్రిజ్‌లోంచి తీశాడా, అల్మారాలోంచి తీశాడా చూడండి. ఐస్ ముక్కల మధ్య పెట్టించుకుని తీసుకురండి.

ఆసుపత్రిలో అడగడానికి మనవాళ్లు సంకోచిస్తారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మదరాసు రాష్ట్రంలో కలిసినప్పటినుంచి ఇంట్లో మాట ఒకటి, ఆఫీసులో మాట ఒకటి అయింది మనకి. కేసు షీటేమో ఇంగ్లీషులో ఉంటుంది. వచ్చిన తమిళంలోనే అడగండి, తెలుగు కలిసినా పరవాలేదు. ఈ మందెందుకు పెడుతున్నారు, ఆపరేషను అవసరమైతే ఇక్కడే చేస్తారా, బిడ్డ గుండె ఎవరు చూస్తుంటారు, ఈ మూడు చాలు. ఇంటికొచ్చి సూది వేస్తానన్నవాణ్ణి మాత్రం ఏమీ అడగొద్దు, 108కి ఫోన్ చేయండి.

బస్టాపులో ఆ రోజు మా చెల్లెలు సగం నమ్మి, సగం నమ్మక బస్సెక్కింది. కోడలికి తొమ్మిది రోజులకి నొప్పులు వాటంతట అవే వచ్చాయి, రాత్రి రెండింటికి. అబ్బోడు నైట్ షిఫ్టులోనే ఉన్నాడు, గేటు దగ్గరికి కబురెళ్లేసరికి మూడు దాటింది, ఆ రాత్రి కూలి పోయింది. తెల్లారి ఆరున్నరకి ఆడపిల్ల. పదకొండో రోజు పురిటి స్నానానికి నన్ను పిలిచారు. పడుకున్న పసిదాన్ని చూసుకుంటూ కోడలు మెల్లగా అంది, "పెద్దత్తా, పాప పుట్టగానే తొడకి సూది వేశారు. ఏం సూది అని అడిగాను. నర్సమ్మ సీసా చూపించింది. సీసా చల్లగా ఉందా అని కూడా అడిగాను." అడిగితే ఏమందని అడిగాను. "నవ్వి, నా చేతికిచ్చి పట్టుకుని చూడమంది. చల్లగానే ఉంది" అంది.